అర జీబీ ర్యామ్‌లో లినక్స్: నా అనుభవం

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశానని ఎవరితోనైనా అంటే వెంటనే వచ్చే ప్రశ్న, "ఏ డిస్ట్రో?" అని. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని రకరకాల ప్రోగ్రామ్‌లతో మూటగట్టి ఇచ్చే ఒక్కో రూపం ఒక్కో డిస్ట్రో. నాకైతే అది తర్వాత సంగతి. ముందు తేల్చుకోవాల్సింది ఆ మిషన్‌తో ఏం పని చేయిస్తామన్నది. "తేలికైనది" అని పేరు పెట్టుకున్న ప్రతి సాఫ్ట్‌వేరూ ఏదో ఒకటి వదిలేసుకునే తేలికైంది. అది వదిలేసినది మనకు కావలసినదేనా కాదా అన్నదే అసలు లెక్క. ఈ సంగతి నాకు తెలుగు అక్షరాల దగ్గర బాగా తెలిసొచ్చింది. ఆ మాట తర్వాత చెప్తాను.

నా దగ్గరున్నది సెలెరాన్ ఎం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్. 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ ఐడీఈ హార్డ్ డిస్క్, సీడీ డ్రైవ్. అందులో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది కాబట్టి దాన్ని నెట్‌కి కలిపే ఆలోచన లేదు. ర్యామ్ పెంచుకుంటే సరిపోయేది కదా అంటారు. నిజమే, పెంచుకునే వీలుంటే ముందు అదే చేయండి, ఈ వ్యాసంలో సగం అవసరమే ఉండదు. నా మిషన్‌లో రెండో స్లాట్ పని చేయడం లేదు. ఉన్నదాంతోనే సర్దుకోవాలి. కీబోర్డు మాత్రం ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లలో దొరకని రకం, లోతుగా దిగి పైకి లేచే మీటలు. అందుకే దీన్ని రాసుకునే మిషన్‌గా చేద్దామనుకున్నాను. రాత, కొంచెం సంగీతం, పీడీఎఫ్‌లు చదవడం, ఎప్పుడైనా ఒక పేజీ నెట్‌లో చూడటం. ఇంతే పని.

డిస్ట్రో వెతకడానికి ముందు బయోస్‌లోకి (మిషన్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్ సెట్టింగుల్లోకి) వెళ్లి చూడటం మంచిదైంది. స్టార్ట్ అయ్యేటప్పుడు 512 బదులు 448 ఎంబీ అని చూపిస్తోంది. మిగతా 64 ఎంబీ బోర్డు మీదున్న గ్రాఫిక్స్ కోసం ముందే పక్కన పెట్టేసింది. ఇలా ర్యామ్‌ని పంచుకునే గ్రాఫిక్స్ పాత ల్యాప్‌టాప్‌లలో మామూలే. బయోస్‌లో ఆ వాటాని 8 ఎంబీకి తగ్గించే వీలుంది, తగ్గించాను. తర్వాత గ్రాఫిక్స్‌కి ఎక్కువ కావలసి వస్తే లినక్స్ డ్రైవరే మామూలు ర్యామ్ నుంచి అప్పటికప్పుడు తీసుకుంటుంది కాబట్టి బొమ్మకేమీ లోటు రాలేదు. ఒక్క పైసా ఖర్చు లేకుండా 56 ఎంబీ చేతికొచ్చింది. 8 జీబీ ఉన్నవాళ్లకి ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ, ఇక్కడ అది మొత్తంలో ఎనిమిదో వంతు కంటే కాస్తే తక్కువ.

ఇంకో రెండు పరీక్షలు కూడా ముందే చేసేశాను. రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ నడిపి ర్యామ్ బాగానే ఉందని తేల్చుకున్నాను. స్మార్ట్‌సీటీఎల్‌తో హార్డ్ డిస్క్ ఆరోగ్యం చూశాను. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్ల (పాడైతే డిస్క్ వేరేచోటికి మార్చిన భాగాల) సంఖ్య సున్నా దగ్గర ఉంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. అది రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్ మీద శ్రమ పెట్టడం దండగ.

ఇక ప్రాసెసర్ సంగతి. ఏదైనా లైవ్ లినక్స్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచో సీడీ నుంచో నడిచేది) బూట్ చేసి సీపీయూ వివరాల్లో ఫ్లాగ్స్ అన్న వరసని చూస్తే మూడు విషయాలు తెలుస్తాయి. ఎల్ఎం అన్న ఫ్లాగ్ ఉంటే అది 64 బిట్ ప్రాసెసర్. నా దాంట్లో లేదు, అంటే 32 బిట్ లినక్సే గతి. (ఉన్నా కూడా, ఇంత తక్కువ ర్యామ్‌లో 32 బిట్టే మేలు. 64 బిట్‌లో ప్రతి పాయింటరూ రెండింతలు చోటు తింటుంది.) రెండోది ఎస్ఎస్ఈ2, ప్రాసెసర్ అర్థం చేసుకునే ఆదేశాల్లో ఒక గుంపు. ఇది లేకపోతే ఇప్పటి బ్రౌజర్లు అసలు తెరుచుకోవు. ఫైర్‌ఫాక్స్ 2017లో 53వ వెర్షన్ నుంచే దీన్ని తప్పనిసరి చేసింది. పెంటియం 3 వాడేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. సెలెరాన్ ఎంలో ఇది ఉంది.

మూడోది పీఏఈ, దీని కథ కొంచెం తమాషాగా ఉంటుంది. 4 జీబీ కంటే ఎక్కువ ర్యామ్ వాడుకోవడానికి 32 బిట్ ప్రాసెసర్లలో పెట్టిన ఏర్పాటది. అర జీబీ వాడికి దాంతో పనేముంది అనుకుంటాం. కానీ చాలా డిస్ట్రోలు తమ 32 బిట్ కెర్నల్‌ని (లినక్స్ గుండెకాయని) పీఏఈ ఉందన్న లెక్కతోనే తయారుచేశాయి, లేకపోతే బూట్ అవ్వనంటుంది. పెంటియం ఎం, సెలెరాన్ ఎం తొలి తరాల్లో పీఏఈ పని చేస్తుంది గానీ ఫ్లాగ్స్‌లో ఉన్నట్టు చెప్పదు. అలాంటి వాటి కోసం కెర్నల్‌కి ఫోర్స్‌పీఏఈ అనే బూట్ ఆప్షన్ ఉంది. బూట్ మెనూలో ఎంట్రీని ఎడిట్ చేసి, వరస చివర దాన్ని కలిపితే చాలు. అసలు ఆ గొడవే లేకుండా పీఏఈ అడగని కెర్నల్ ఉన్న డిస్ట్రోనే ఎంచుకోవడం ఇంకా తేలిక. డెబియన్ అనే డిస్ట్రో 12వ వెర్షన్‌లో 686 అనీ 686 పీఏఈ అనీ రెండు కెర్నళ్లు విడివిడిగా ఉన్నాయి. యాంటిక్స్ అనే డిస్ట్రో 32 బిట్ ఐఎస్ఓలో (ఇన్‌స్టాల్ చేయడానికి దింపుకునే ఫైల్లో) పీఏఈ అక్కర్లేని కెర్నలే వస్తుంది.

ఇప్పుడు డిస్ట్రోల దగ్గరకొద్దాం. లుబుంటు పేరు ఇప్పటికీ చాలామంది చెప్తారు. అది పాత మాట. 32 బిట్‌కి దాని చివరి ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం అప్‌డేట్లు అందే వెర్షన్) 18.04. తర్వాత 32 బిట్ ఆగిపోయింది, ఎల్ఎక్స్‌డీఈ డెస్క్‌టాప్ స్థానంలో ఎల్ఎక్స్‌క్యూటీ వచ్చింది. అర జీబీకి అది సరిపడే బరువు కాదు.

టైనీ కోర్ చూస్తే ముచ్చటేస్తుంది. డెస్క్‌టాప్‌తో కలిపి ఐఎస్ఓ పాతిక ఎంబీ కూడా ఉండదు. 46 ఎంబీ ర్యామ్ ఉన్నా నడుస్తుందని వాళ్లే చెప్తారు. వేసి చూశాను, కళ్లు మూసి తెరిచేలోగా డెస్క్‌టాప్ వచ్చింది. అయితే అక్కడ ఏమీ లేదు. ప్రతిదీ ఎక్స్‌టెన్షన్‌గా తెచ్చుకోవాలి, ఏ ఫైలు రీబూట్ తర్వాత మిగలాలో మనమే చెప్పాలి. ఒకే పని చేసే డబ్బాకి అది అద్భుతం. నాలా రోజూ కొత్త ఫైళ్లు రాసుకునేవాడికి విసుగు.

పప్పీ లినక్స్‌కి పేరంతా మొత్తం సిస్టమ్‌ని ర్యామ్‌లోకి ఎక్కించి వేగంగా నడుస్తుందని. ర్యామ్ ఉంటేనే ఆ మాట. 2 జీబీ ఉన్న మిషన్‌లో పప్పీ నిజంగానే ఎగిరిపోతుంది. అర జీబీలో ఆ సుగుణమే బరువవుతుంది. ర్యామ్‌లోకి కాపీ చేయొద్దని బూట్ ఆప్షన్ ఇవ్వొచ్చు, ఇస్తే ఆ వేగం పోతుంది. పైగా మామూలుగా అన్ని హక్కులూ ఉండే రూట్ యూజర్‌గానే నడుస్తుంది. అలవాటున్నవాళ్లు వాదిస్తారు గానీ నాకు అది రుచించలేదు.

చివరికి యాంటిక్స్ దగ్గర ఆగాను. డెబియన్ మీద కట్టినది, సర్వీసులని మొదలుపెట్టే పనికి సిస్టమ్‌డీ లేకుండా సిస్‌వీ ఇనిట్ గానీ రన్ఐటీ గానీ వాడుతుంది. 2023లో వచ్చిన 23వ వెర్షన్ డెబియన్ 12 ఆధారంగా ఉంది, 32 బిట్‌కీ దొరుకుతుంది. డెబియన్ రిపాజిటరీల్లో (ప్యాకేజీల గోదాముల్లో) ఉన్న వేల ప్యాకేజీలన్నీ అందుబాటులో ఉంటాయి. ఫుల్, బేస్, కోర్, నెట్ అని నాలుగు రకాలుగా ఐఎస్ఓలు ఇస్తారు. కోర్, నెట్‌లలో గ్రాఫిక్స్ కూడా ఉండవు, మనమే కట్టుకోవాలి. ఫుల్‌లో లిబ్రే ఆఫీస్ దాకా అన్నీ ఉంటాయి. నేను బేస్ తీసుకున్నాను. విండో మేనేజర్లు (తెర మీద విండోలని సర్దేవి) సిద్ధంగా ఉంటాయి, పెద్ద అప్లికేషన్లు ఉండవు.

పెన్‌డ్రైవ్ తయారు చేయడం ఎవరికైనా తెలిసిన పనే, వేరే కంప్యూటర్ మీద నిమిషాల్లో అయిపోయింది. చిక్కంతా ఆ పెన్‌డ్రైవ్‌ని ఈ ల్యాప్‌టాప్ పట్టించుకోకపోవడంలో ఉంది. బయోస్ బూట్ వరసలో హార్డ్ డిస్క్, సీడీ, ఫ్లాపీ, నెట్‌వర్క్ ఉన్నాయి. యూఎస్‌బీ మాటే లేదు. ఆ కాలం మిషన్లకి ఇది మామూలు జబ్బే. దీనికి మందు ప్లాప్ బూట్ మేనేజర్. చిన్న ఐఎస్ఓ, దాన్ని సీడీ మీద రాసి సీడీతో బూట్ చేస్తే ఒక నీలం మెనూ వస్తుంది. అందులో యూఎస్‌బీ ఎంచుకుంటే ప్లాప్ తన సొంత డ్రైవర్‌తో పెన్‌డ్రైవ్‌ని చదివి బూట్ మొదలుపెడుతుంది. కెర్నల్ ఎక్కేదాకా నత్తనడక. చుక్కలు ఒక్కొక్కటే పడుతుంటే ఆగిపోయిందేమో అనిపిస్తుంది, ఆగలేదు, కూర్చోవాలి. ఒకసారి లినక్స్ కెర్నల్ లేచాక అది తన యూఎస్‌బీ డ్రైవర్ వాడుకుంటుంది కాబట్టి అక్కడి నుంచి మామూలు వేగం వచ్చేస్తుంది. సీడీ డ్రైవ్ కూడా చెడిపోయినవాళ్లు హార్డ్ డిస్క్ ఊడదీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించి అక్కడే ఇన్‌స్టాల్ చేసి మళ్లీ బిగించుకోవచ్చు. లినక్స్ ఇలాంటి మార్పుని పెద్దగా పట్టించుకోదు.

లైవ్‌లో బూట్ అయినప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. లైవ్ సెషన్‌లో మనం మార్చే ప్రతి ఫైలూ ర్యామ్‌లోనే నిలుస్తుంది. బ్రౌజర్ తెరిచి చూద్దామనుకుంటే దాని క్యాష్ అంతా ఉన్న కాస్త ర్యామ్‌లోకే వెళ్తుంది. కాబట్టి ఏమీ తెరవకుండా నేరుగా ఇన్‌స్టాలర్‌కి వెళ్లిపోయాను. యాంటిక్స్‌లో బొమ్మల ఇన్‌స్టాలర్‌తో పాటు టెర్మినల్‌లో నడిచే సీఎల్ఐ ఇన్‌స్టాలర్ కూడా ఉంది. తక్కువ మెమరీ వాళ్లకి రెండోదే నయం. అడిగేవన్నీ మామూలు ప్రశ్నలే. డిస్క్‌లో 1 జీబీ స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు) ఇచ్చి మిగతాదంతా ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ చేశాను, బూట్ చేసే గ్రబ్‌ని డిస్క్ మొదట్లో ఉండే ఎంబీఆర్‌లో పెట్టమన్నాను. ఫైళ్లు కాపీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది, అది పాత డిస్క్ తీరు.

ఇన్‌స్టాల్ అయ్యాక అప్‌డేట్ కొడితే, రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లుబాటు కాలేదు అని ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్ మొండికేసింది. బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ తప్పు అంటోంది. లినక్స్ కొత్తవాళ్లు ఇక్కడ రిపాజిటరీలు మార్చడం, సెట్టింగులు కెలకడం మొదలుపెడతారు. మూల కారణం బోర్డు మీదున్న నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీ. అది అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టని తేదీలో మనం ఉన్నట్టు లెక్క. తేదీ సరిచేస్తే అన్నీ సర్దుకున్నాయి, బ్యాటరీ మారిస్తే శాశ్వతంగా సర్దుకున్నాయి. పాత మిషన్ తెరిచినప్పుడే ఇది మార్చేయడం మంచిది.

వైఫై పాత కార్డు. 802.11 బీ, జీ రెండే తెలుసు. అంటే 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే. ఇలాంటి కార్డులకి ఫర్మ్‌వేర్ విడిగా కావాలి, యాంటిక్స్‌లో అది వెంట వచ్చింది. రూటర్‌ని డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెట్టుకున్నవాళ్లకి ఇలాంటి కార్డు కలవదు, డబ్ల్యూపీఏ2 కూడా అనుమతించాలి.

ఇక అసలు పని. మెమరీ పద్దు రాసుకోవడం.

ఫ్రీ అన్న కమాండ్ కొడితే వచ్చే పట్టికలో ఫ్రీ అన్న గడి చూసి చాలామంది బెంబేలు పడతారు. అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది, ఉండాలి కూడా. ఖాళీగా పడున్న ర్యామ్‌ని కెర్నల్ డిస్క్ క్యాష్‌కి వాడుకుంటుంది, అవసరమైతే వెంటనే వదిలేస్తుంది. చూడాల్సింది అవైలబుల్ అన్న గడి. కొత్తగా ఏదైనా తెరిస్తే స్వాప్ జోలికి పోకుండా ఎంత దొరుకుతుందో అదే చెప్తుంది. అలాగే ఏ ప్రోగ్రామ్ ఎంత తింటుందో చూడటానికి హెచ్‌టాప్ అనే ప్రోగ్రామ్‌లో ఆర్ఈఎస్ (వాడుతున్న ర్యామ్) వరసలు కూడితే లెక్క తప్పుతుంది. అందరూ పంచుకునే లైబ్రరీలని ప్రతి ఒక్కరి ఖాతాలోనూ రాస్తుందది. పీఎస్‌మెమ్ అనే చిన్న పైథాన్ స్క్రిప్ట్ ఉంది, అది పంచుకున్నదాన్ని వాటాలుగా విడగొట్టి చూపిస్తుంది.

ఇన్‌స్టాల్ అయిన వెంటనే ఏమీ తెరవకుండా వాడకం సుమారు 130 ఎంబీ. ఇదే బాగా తక్కువ. కానీ పద్దు చూస్తే నాకు అక్కర్లేనివి కొన్ని కనిపించాయి. ప్రింటర్ లేదు, ప్రింటింగ్ సర్వీసు కప్స్ ఎందుకు? బ్లూటూత్ చిప్పే లేని మిషన్‌లో బ్లూటూత్ సర్వీసు ఎందుకు? రెండూ తీసేశాను. డెస్క్‌టాప్ మీద మెమరీ ఎంత వాడుతున్నామో చూపించే కాంకీ, తనే కొంత మెమరీ వాడుతూ, ప్రాసెసర్‌ని మాటిమాటికీ నిద్ర లేపుతూ ఉంది. దాన్నీ ఆపాను. సిస్‌వీ ఇనిట్ వాడేవాళ్లు ఇనిట్‌ట్యాబ్ ఫైల్లో చూస్తే ఆరు టెక్స్ట్ కన్సోళ్లకి ఆరు లాగిన్ ప్రోగ్రామ్‌లు కాచుకుని ఉంటాయి. రెండుంచి మిగతావి ఆపేయొచ్చు. ఐస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్‌లో ఐకాన్లు గీసే సెషన్ బదులు ఐకాన్లు లేని మినిమల్ సెషన్ తీసుకున్నాను. వీటిలో ఏ ఒక్కటీ పెద్దది కాదు, అన్నీ కలిపితే వాడకం వందలోపుకి దిగింది.

దిగింది గానీ, ఇక్కడో మాట. ఈ ఖాళీగా ఉన్నప్పటి అంకె మీద జనం చూపించే మోజు నాకు అర్థం కాదు. "మా డిస్ట్రో 80 ఎంబీలో లేస్తుంది" అని గొప్పలు. లేచి ఊరికే కూర్చోవడానికి ఎవరూ కంప్యూటర్ వాడరు. మొదటి బ్రౌజర్ ట్యాబ్ తెరవగానే ఆ తేడా గాలికి పోతుంది. నాకు నిజంగా ఉపయోగపడింది, ర్యామ్ నిండిపోయినప్పుడు ఏం జరగాలో ముందే ఏర్పాటు చేసుకోవడం.

ర్యామ్ నిండితే కెర్నల్ స్వాప్‌కి రాస్తుంది. పాత ఐడీఈ డిస్క్ మీద స్వాప్ అంటే డిస్క్ కరకరలాడుతుంది, మౌస్ కదలదు. దీనికి విరుగుడు జెడ్‌ర్యామ్. ర్యామ్‌లోనే కొంత భాగాన్ని స్వాప్‌గా పెట్టి, అందులోకి వెళ్లే పేజీలని (మెమరీ ముక్కలని) కుదించి దాచుతుంది. మామూలుగా రెండు మూడు రెట్లు కుదురుతాయి కాబట్టి 200 ఎంబీ సరుకు 80, 90 ఎంబీలో సర్దుకుంటుంది. 2014లో 3.14 కెర్నల్ నుంచి ఇది కెర్నల్‌లో స్థిరపడిన భాగం. డెబియన్‌లో జెడ్‌ర్యామ్ టూల్స్ అనే ప్యాకేజీ వేసి, దాని సెట్టింగ్ ఫైల్లో ఏ పద్ధతిలో కుదించాలో, ర్యామ్‌లో ఎంత శాతమో రాస్తే చాలు. జెడ్‌ఎస్‌టీడీ ఎక్కువ కుదిస్తుంది, ఎల్‌జెడ్4 త్వరగా కుదిస్తుంది. ఒకే కోర్ ఉన్న ఈ పాత ప్రాసెసర్‌కి ఎల్‌జెడ్4 హాయిగా ఉంది. డిస్క్ స్వాప్‌ని తీసేయలేదు, జెడ్‌ర్యామ్ కంటే తక్కువ ప్రయారిటీతో వెనక ఉంచాను. ముందు జెడ్‌ర్యామ్ నిండుతుంది, అది కూడా చాలకపోతేనే డిస్క్.

దీంతో పాటు కెర్నల్‌కి రెండు చిన్న మాటలు చెప్పాలి. స్వాపీనెస్ (స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే అంకె) మామూలుగా 60 ఉంటుంది, దాన్ని 100కి పెంచాను. డిస్క్ స్వాప్ రోజుల్లో ఇది తగ్గించమని చెప్పేవారు, ఇప్పటికీ ఆ సలహా తిరుగుతూనే ఉంది. జెడ్‌ర్యామ్‌కి అది తిరగబడుతుంది, ఇక్కడ స్వాప్ చవక. రెండోది పేజ్ క్లస్టర్. స్వాప్ నుంచి ఒక పేజీ అడిగితే పక్కవి కలిపి ఎనిమిది పేజీలు తెచ్చేలా అది 3 మీద ఉంటుంది. తిరిగే డిస్క్‌కి అది న్యాయమే, జెడ్‌ర్యామ్‌కి వృథా శ్రమ. 0 చేశాను.

అన్నిటికంటే మనశ్శాంతినిచ్చింది ఎర్లీఊమ్. మెమరీ పూర్తిగా అయిపోయేదాకా కెర్నల్ ఎవరినీ చంపదు, ఆ లోపల మిషన్ గడ్డకట్టుకుపోయి పవర్ బటన్ నొక్కడం తప్ప దారి ఉండదు. ఎర్లీఊమ్ మెమరీ, స్వాప్ రెండూ పదో వంతుకి పడిపోగానే ఎక్కువ తింటున్నదాన్ని ఆపేస్తుంది. అంటే బ్రౌజర్ పోతుంది, రాసుకుంటున్న ఫైలు మిగులుతుంది.

బ్రౌజర్ అన్నాను కదా. ఇదే ఈ పనిలో కష్టమైన భాగం, దీనికి పూర్తి పరిష్కారం లేదు. లినక్స్ ఎంత సన్నబడినా వెబ్ సన్నబడలేదు. ఫైర్‌ఫాక్స్ 2021 చివర్లో ఫిషన్ అనే సైట్‌కొక ప్రాసెస్ పద్ధతి అందరికీ తెచ్చింది. భద్రతకి అది మంచిది, అర జీబీకి అది మోయలేని బరువు. ఎబౌట్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల పేజీలో ఫిషన్‌ని ఆపి, కంటెంట్ ప్రాసెస్‌ల సంఖ్య ఒకటికి తగ్గిస్తే ఒక ట్యాబ్ వరకు నడుస్తుంది. భద్రత తగ్గుతుందని తెలిసే చేయాలి. నేను ఆ మిషన్‌లో ఎక్కడా పాస్‌వర్డ్ కొట్టను. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ తప్పకుండా ఉండాలి. అది తినేదాని కంటే మిగిల్చేదే ఎక్కువ. ఇంత చేసినా బొమ్మలు, వీడియోలతో నిండిన వార్తల సైట్ తెరిస్తే టీ తాగి రావచ్చు.

అందుకే చిన్న బ్రౌజర్ల వైపు చూశాను. డిల్లో అనేది తొమ్మిదేళ్ల మౌనం తర్వాత 2024లో 3.1 వెర్షన్‌తో మళ్లీ లేచింది. జావాస్క్రిప్ట్ లేదు, ఉన్నపళంగా తెరుచుకుంటుంది. ఇంగ్లిష్ వికీపీడియా దాంట్లో చదవడం సుఖంగా ఉంది. తెలుగు వికీపీడియా తెరిచాను. ఒత్తులన్నీ విడిపోయి పక్కన నిలబడ్డాయి, గుణింతాలు అక్షరాన్ని వదిలేసి దూరంగా ఉన్నాయి. ఫాంట్ లేదేమో అనుకుంటాం. ఫాంట్ ఉంది. డిల్లో వాడే ఎఫ్ఎల్‌టీకే 1.3 టూల్‌కిట్‌కి అక్షరాలని ఒకదాని పక్కన ఒకటి పెట్టడమే తెలుసు, కలిపి మలచడం తెలియదు. ఇంగ్లిష్‌కి అది చాలు. తేలికదనం కోసం వదిలేసిన సరుకులో మన లిపి కూడా ఉందన్నమాట.

మొదట్లో చెప్తానన్నది ఇదే. తేలికైన టెర్మినళ్లన్నిటిలో దాదాపు ఇదే పరిస్థితి. ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్‌లో విమ్ ఎడిటర్ తెరిచి తెలుగు రాస్తే కర్సర్ ఒకచోట, అక్షరం ఇంకోచోట. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు "టెర్మినల్‌లోనే అన్నీ చేసుకో, ఎక్స్ కూడా అక్కర్లేదు" అని సలహా ఇస్తారు. ఎక్స్ అంటే తెర మీద విండోలు, బొమ్మలు చూపించే వ్యవస్థ. తెలుగులో రాసేవాడికి ఆ దారి మూసుకుపోయింది. మనకి పాంగో లాంటి షేపింగ్ (అక్షరాలని కలిపి మలిచే) లైబ్రరీ వాడే ప్రోగ్రామ్‌లే కావాలి. జీటీకే టూల్‌కిట్ మీద కట్టినవన్నీ పాంగో వాడతాయి. అందుకని ఎడిటర్‌గా లీఫ్‌ప్యాడ్, కొంచెం పెద్ద పనికి జీనీ. బ్రౌజర్‌గా నెట్‌సర్ఫ్ జీటీకే వెర్షన్. దాంట్లో జావాస్క్రిప్ట్ అంతంతమాత్రమే గానీ తెలుగు చక్కగా కలిసి వస్తుంది. డిల్లో కంటే కొన్ని ఎంబీలు ఎక్కువ తింటుంది, తిననివ్వండి. వర్డ్ ఫైళ్లు వస్తే అబీవర్డ్. పీడీఎఫ్‌కి ఈ బాధ లేదు. అందులో అక్షరాలు ముందే మలిచి ఉంటాయి కాబట్టి మ్యూపీడీఎఫ్ అంత చిన్నది కూడా తెలుగు పుస్తకాన్ని శుభ్రంగా చూపిస్తుంది.

ఫాంట్లకి లోహిత్ తెలుగు, పోతన, వేమన డెబియన్ ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. టైపింగ్‌కి అందరూ ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ వేసుకోమంటారు. అది వెనకాల రెండు మూడు ప్రాసెస్‌లు నడుపుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవాళ్లకి ఆ అవసరమే లేదు. ఎక్స్ విండో సిస్టమ్‌లోనే తెలుగు లేఅవుట్ ఉంది. సెట్ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌తో ఇంగ్లిష్, తెలుగు రెండూ పెట్టి, ఆల్ట్ షిఫ్ట్ నొక్కితే మారేలా ఒక వరస రాసి స్టార్టప్ ఫైల్లో పడేశాను. వెనకాల ఏ ప్రోగ్రామూ నడవదు, అదనపు మెమరీ సున్నా. ఉచ్చారణని బట్టి కొట్టే అలవాటున్నవాళ్లకి అందులోనే కగప అని ఇంకో లేఅవుట్ ఉంది. ఇంగ్లిష్ అక్షరాలతో మాటలు కూర్చి తెలుగు చేసే పద్ధతే కావాలంటే మాత్రం ఐబస్సో ఎఫ్‌సీఐటీఎక్సో తప్పదు.

సంగీతానికి మాక్ అనే టెర్మినల్ ప్లేయర్ సరిపోయింది. ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే పైన చెప్పిన గోలే, వినడానికి అడ్డం కాదు. వీడియో దీని పని కాదు. 360పీ ఫైలైతే ఎంపీవీ ప్లేయర్‌లో ఔట్‌పుట్‌ని ఎక్స్‌వీకి (తెరకి బొమ్మ పంపే ఒక పాత పద్ధతికి) మార్చితే ఆగకుండా ఆడుతుంది. 720పీ హెచ్.264 ఈ ప్రాసెసర్ మోయలేదు.

ఇలా ఎంతకాలం అంటే, 32 బిట్‌కి తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ పీసీలకి కెర్నల్ లేదు, ఇన్‌స్టాలర్ లేదు. అలాంటి మిషన్లని 13కి అప్‌గ్రేడ్ చేయొద్దని వాళ్ల విడుదల పత్రాల్లోనే రాశారు. మొజిల్లా కూడా 32 బిట్ లినక్స్ ఫైర్‌ఫాక్స్‌ని 144తో ఆపేసి, ఎక్కువకాలం అప్‌డేట్లు అందే ఈఎస్ఆర్ 140కి మాత్రం కనీసం 2026 సెప్టెంబర్ దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామంది. కాబట్టి ఆప్ట్ సోర్సుల్లో స్టేబుల్ అని రాసుంటే వెంటనే బుక్‌వర్మ్ (డెబియన్ 12 పేరు) అని పేరుతో మార్చుకోండి, లేకపోతే ఒక మామూలు అప్‌డేట్ కాస్తా తెలియకుండానే 13 వైపు లాగుతుంది. ఫైర్‌ఫాక్స్‌ని నేను ఇప్పటికే తీసేశాను. నెట్‌సర్ఫ్‌లో తెరుచుకోని పేజీ ఉంటే ఫోన్‌లో చూసుకుంటున్నాను. రాసిన ఫైళ్లు ఆర్‌సింక్‌తో రోజూ ఇంకో కంప్యూటర్‌కి వెళ్లిపోతాయి, ఆ డిస్క్ వయసుని నేను నమ్మను.